పదకొండు ఒకట్లు

వరుసగా పదకొండు ఒకట్లు రాస్తే వెయ్యిన్నూట పదకొండు కోట్ల పదకొండు లక్షల పదకొండు వేల నూట పదకొండు అవుతుంది. 1986 జూన్‌లో నేను సిద్దిపేటలో లెక్కల గుమాస్తాగా చేరినప్పుడు మా కార్యాలయంలో ఉన్న ఒకే ఒక కాలిక్యులేటర్‌కు ఎనిమిది అంకెల తెర ఉండేది. ఈ సంఖ్య అందులో పట్టేది కాదు. తెర నిండిన తర్వాత ఒకటి మీట ఎన్నిసార్లు నొక్కినా మార్పు ఉండదు. ఆ సంగతి అప్పట్లో నాకు పట్టలేదు. పట్టించుకోవలసిన అవసరం ఆ తర్వాత, అద్దెకు దిగిన ఇంట్లో కలిగింది.

మాది గజ్వేల్ అవతల ఉన్న ములుగు దగ్గరి పల్లె. రోజూ బస్సులో రాకపోకలు కుదరక సిద్దిపేటలోనే రెండు గదులు కిరాయికి తీసుకున్నాను. ఇంటి యజమాని గణితోపాధ్యాయుడిగా పనిచేసి అప్పుడే విరమించినవారు. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకుని, తర్వాత తెలుగు పిల్లలకు ముప్ఫై ఏళ్ల పైన లెక్కలు చెప్పారు. ఊరంతా ఆయనను సార్ అనేది, నేనూ అదే అన్నాను. ఆయన భార్యను పిన్ని వరసన చాచీ అని పిలిచేదాన్ని. వాళ్లకు పిల్లలు లేరు. ఆయన నన్ను బేటీ అనేవారు. చాచీ మాత్రం నేను ప్రతి రాత్రి డైరీలో తేదీ వేసి ఆనాటి ఖర్చుల మొత్తం కట్టడం చూసి, మున్షీగారని పేరు పెట్టింది.

సార్‌కు ఒక బాకీ ఉండేది. ఎవరికీ రూపాయి బాకీ కాదు. ఉద్యోగంలో ఉండగా ఒకసారి తొమ్మిదో తరగతిలో ఒకట్లతో ఆడించారట. మూడు ఒకట్లను మూడు భాగిస్తుంది. నాలుగింటిని పదకొండు భాగిస్తుంది. ఐదింటికి నలభై ఒకటి. ఆరింటికి చాలా ఉన్నాయి. ఏడు ఒకట్లకు పిల్లలెవరికీ దొరకకపోతే తానే 239 అని చెప్పి, బోర్డు మీద భాగించి చూపించారు. అప్పుడు వెనుక వరుసలోంచి ఒక అమ్మాయి లేచి, పదకొండు ఒకట్లకు ఏది పోతుందని అడిగింది. ఆయన రేపు చెప్తానన్నారు.

మర్నాటికి దొరకలేదు, నెలకూ దొరకలేదు. ఆ పిల్ల మళ్లీ అడగలేదు. అడగకపోవడమే తనను బాధించిందని సార్ నాతో అన్నారు.

"తెల్వదు అంటే అయిపోవు బేటీ. రేపు చెప్తా అంటి. పిల్లలకు ఎరుకైతది, సార్ రేపు అన్నడంటే ఇగ చెప్పడని."

అందుకే పదవీ విరమణ తర్వాత ఆయన ఆ సంఖ్యకు కూర్చున్నారు. అది ప్రధాన సంఖ్య అని తేలాలి, లేదా దాన్ని భాగించే సంఖ్య ఒకటి దొరకాలి. ఏదో ఒకటి తేలితే తాను పాఠం చెప్పిన బడికే వెళ్లి, ఏదైనా ఒక తరగతి ముందు నిలబడి, ఆ జవాబు అప్పజెప్పి రావాలి. ఆ ఒక్క కోరిక తప్ప ఆయనకు ఇంకో కోరిక ఉన్నట్టు నేను చూడలేదు.

తొందర కూడా ఉంది. ఆయన కళ్లలో నీటికాసులు, డాక్టర్ల మాటలో గ్లాకోమా. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది నిలబెట్టుకోవడమే వైద్యమనీ హైదరాబాద్ డాక్టర్లు చెప్పి పంపారు. పక్కల నుంచి చూపు తగ్గుతూ వస్తోంది. సంఖ్య మధ్యలో నిలబడి కనిపిస్తుంది, అంచులు పోతాయి.

1987 చలికాలంలో ఒక సాయంత్రం ఆయన పలక మీద చేస్తున్న భాగహారంలో నేను ఒక తప్పు చూపించాను. ఆ మర్నాటి నుంచి మా ఇద్దరిదీ ఒకే పని అయింది.

పద్ధతి ఆయనదే. ఆ సంఖ్యను భాగించగల ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, దానిలోంచి ఒకటి తీసివేయగా మిగిలినది ఇరవై రెండుతో నిశ్శేషంగా పోవాలి. ఎందుకు పోవాలో ఆయన రెండు సాయంత్రాలు వివరించారు, మూడో నాటికి నాకు అర్థమైంది. అందువల్ల ప్రతి పది ప్రధాన సంఖ్యల్లో సుమారు ఒక్కదానితో ప్రయత్నిస్తే చాలు. ఇరవై మూడు, అరవై ఏడు, ఎనభై తొమ్మిది, నూట తొంభై తొమ్మిది, ఇలా. పైహద్దు కూడా ఉంది: ఆ సంఖ్య వర్గమూలం, లక్షా ఐదు వేల నాలుగువందల తొమ్మిది. అంతవరకు ఏదీ పోకపోతే ఆపైన వెతకనక్కర లేదు. అన్నీ కలిపి రమారమి వెయ్యి భాగహారాలు. రోజుకు ఒకటి చేస్తే, ఆదివారాలూ పండుగలూ నేను ఊరెళ్లే రోజులూ పోను, నాలుగేళ్లు.

రోజుకు ఒకటే చేశాం. నేను ఆఫీసు నుంచి వచ్చి చేతులు కడుక్కుని అరుగు మీద కూర్చునే వేళకు ఆయన మొదలుపెట్టి ఉండేవారు. సగం పూర్తి కాకముందే పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినిపించేది. ఆయన పలకను నా వైపు తిప్పి నమాజుకు లేచేవారు. ఆయన పలక మీద అంకెలు ఉర్దూవి. నాకోసం మామూలు అంకెలు రాయడం మొదలుపెట్టారు గాని, వేగం పెరిగినప్పుడు చెయ్యి తన అంకెల్లోకే వెళ్లిపోయేది. ఆ పది అంకెలూ నేను వారంలో నేర్చుకున్నాను. ఆయన మిగిల్చిన శేషాన్ని నా పలక మీదికి దించుకుని, మిగతా భాగహారం నేను పూర్తి చేసేదాన్ని. ఆయన తిరిగి వచ్చేసరికి చివరి శేషం సిద్ధంగా ఉండేది.

తర్వాత సరిచూడటం. ప్రతి సంఖ్యలోనూ అంకెలు కూడి, తొమ్మిదులు తీసివేసి, మిగిలినవాటితో హెచ్చవేత సరిపోయిందో లేదో చూడటం బళ్లో అందరికీ నేర్పేదే. పదకొండు ఒకట్లకు ఎప్పుడూ రెండు మిగలాలి. రెండు వచ్చిందంటే సార్ "సరి" అనేవారు. చివరి శేషాన్ని పాత క్యాలెండరు కాగితం వెనుక భాజకానికి ఎదురుగా ఎక్కించి, రెండు పలకలూ తడిగుడ్డతో తుడిచేవాళ్లం.

చాచీ అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తూ ఇదంతా చూసేది. ఊళ్లో మొగోళ్లు పేకాటకు పోతారు, అట్ల పోతే ఒకనాడన్న గెలిచి వస్తారు, మీ సారు ఆట గెలిచేది లేదు ఓడేది లేదు అని దెప్పేది. ఒకసారి ఇంట్లో బియ్యం నిండుకున్నాయని మూడుసార్లు చెప్పినా ఆయన తలెత్తలేదు.

"పదకొండు ఒకట్లు పొయ్యిమీద పెడత, ఉడుకుతయా అడుగున్రి మున్షీగారూ," అంది నాతో.

సార్ తలెత్తకుండానే, "ఉడకయి. ప్రధాన సంఖ్య అయితె అసలే ఉడకదు," అన్నారు. ఆ రోజు బియ్యం నేనే తెచ్చాను.

1991 డిసెంబరులో పైహద్దు చేరాం. ఏదీ పోలేదు. చివరి శేషం ఎక్కించాక సార్ కాసేపు సుద్దముక్కను వేళ్ల మధ్య తిప్పుతూ ఉండిపోయారు. అప్పటికి ఆయనకు పలక మీద ఒకసారికి రెండు మూడు అంకెలకు మించి కనిపించడం లేదు.

ఆ వారంలోనే బడికి వెళ్లాం. రిక్షాలో నేను పక్కన కూర్చున్నాను. ఆయన తెల్ల షేర్వాణీ వేసుకున్నారు, జేబులో పిల్లలకు పిప్పరమెంట్లు. పాఠం లేని పీరియడులో పదో తరగతి దొరికింది. బోర్డు మీద పదకొండు ఒకట్లు నేను రాశాను. ఇరవై ఏళ్ల కింద ఇదే బళ్లో ఒక పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు తెచ్చానని ఆయన చెప్పారు. దీన్ని ఒకటి, తాను తప్ప ఇంకేదీ భాగించదని చెప్పారు. నాలుగేళ్లు వెతికామని కూడా చెప్పి, నన్ను చూపించారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. రిక్షాలో వెనక్కి వచ్చి ఇంటి దగ్గర దిగుతూ, "ఇయ్యాల నిద్రవడ్తది," అన్నారు.

నా డైరీలో ఆనాటి పేజీకి ఒక మూలన చిన్న నక్షత్రం వేసి ఉంది. నేను డైరీలో బొమ్మలు వేసే మనిషిని కాను.

1995 మార్చిలో మా కార్యాలయానికి పన్నెండు అంకెల కాలిక్యులేటర్ వచ్చింది. సంవత్సరాంతపు లెక్కలు ముగిసి, ఏప్రిల్ మొదటి వారంలో బల్ల కాస్త ఖాళీ అయింది. మధ్యాహ్నం డబ్బా తిన్నాక అందరూ బయటికి వెళ్లిన సమయంలో పదకొండు ఒకట్లు నొక్కి చూశాను. సంఖ్య మొత్తం తెర మీద నిలబడింది. ఇంకొక అంకెకు చోటు కూడా మిగిలింది.

అప్పటికి సార్‌కు వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియడం లేదు. మా శేషాలన్నిటినీ ఈ యంత్రం మీద ఒకసారి సరిచూసి, అన్నీ సరిగ్గా ఉన్నాయని ఆయనకు చెబితే సంతోషిస్తారనుకున్నాను. క్యాలెండరు కాగితాలు తెచ్చుకుని రోజూ మధ్యాహ్నం నలభై చొప్పున భాగించాను. తెర మీద చుక్క తర్వాత అంకెలు కనిపిస్తే చాలు, శేషం ఉన్నట్టే.

వారం తిరగకముందే 21649 దగ్గర చుక్క తర్వాత ఏమీ రాలేదు. తెర మీద 513239 అని ఉంది. తప్పు నొక్కానేమో అనుకుని మళ్లీ చేశాను. తర్వాత ఆ రెండు సంఖ్యలనూ హెచ్చవేశాను. పదకొండు ఒకట్లు వరుసగా వచ్చి నిలబడ్డాయి.

క్యాలెండరు కాగితం వెనుక 21649 ఎదురుగా మా చేతిరాతలో శేషం 3404 అని ఉంది. సాయంత్రం ఇంటికి వెళ్లి పాత డైరీ తీశాను. 1988 నవంబరు 17, గురువారం. ధాన్యం చెల్లింపుల పట్టీ పూర్తయింది. సార్‌తో ఒక భాగహారం. సరి. అంతే రాసి ఉంది.

తప్పు ఎక్కడ జరిగి ఉంటుందో కనుక్కోవడానికి నాకు గంట పట్టింది. ఆ భాగహారంలో రెండు అంకెల భాగఫలం వచ్చాక 7012 మిగలాలి. దాన్ని 7021 అనుకుని ముందుకు వెళితే చివర సరిగ్గా 3404 వస్తుంది. పన్నెండు కాస్తా ఇరవై ఒకటి అయింది. అంకెలు తారుమారైతే వాటి మొత్తం మారదు గనుక, తొమ్మిదులు తీసివేసే పద్ధతికి ఆ తప్పు కనిపించదు. పదకొండు ఒకట్లకు రావలసిన రెండు బుద్ధిగా వచ్చి కూర్చుంది.

ఈ సంగతి నాకు తెలియనిది కాదు. మా కార్యాలయంలో జమకూ ఖర్చుకూ తేడా వచ్చి, ఆ తేడా తొమ్మిదితో పోతే, ఎవరో అంకెలు తారుమారు చేశారని ముందుగా అనుకునేదాన్ని నేనే. కొత్తగా చేరిన గుమాస్తాలకు చెప్పేదాన్ని కూడా. ఆఫీసు బల్ల దగ్గర తెలిసిన ఆ విషయం నాలుగేళ్లలో ఒక్క సాయంత్రమూ నాతో అరుగు దాకా రాలేదు.

7012 దగ్గర అంటే సరిగ్గా సార్ నమాజుకు లేచి పలక నా వైపు తిప్పే చోటు. ఆయన రాసినదే అలా ఉందో, నేను దించుకోవడంలో మారిందో చెప్పే దారి లేదు. పలకలు ఆ సాయంత్రమే తుడిచాం.

నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఐదో రోజు వంటింట్లో చాచీకి చెప్పాను. ఆమెకు భాగహారం రాదు గాని, బడికి వెళ్లి చెప్పి వచ్చిన మాట తప్పని అర్థమైంది. చేతిలో ఉన్న చాట కింద పెట్టింది. చెప్పకుండా ఉంటే ఆయన నిశ్చింతగా ఉంటారు కదా, ఇప్పుడు చెప్పి ఏం చేయాలని అడిగాను.

"నువ్వు చెప్పకుంటివంటే ఆయన్ని గూడ ఆ పిల్ల లెక్కనే చేసినట్టు. ఆమెకు రేపు అన్నడు, ఈయనకు నువ్వు రేపు అను," అంది చాచీ. మళ్లీ చాట తీసుకుంటూ, "చాయ్ తాగినంక చెప్పు. ముందు చెప్తె తాగడు," అంది.

ఆదివారం పొద్దున ఆయన చాయ్ తాగడం అయ్యాక, కప్పు నేను అందుకుని చెప్పాను. సార్ ముఖం నా వైపు కాక వీధి వైపు ఉంది.

"ఏది పోయింది?"

"ఇరవై ఒక్క వేల ఆరువందల నలభై తొమ్మిది, సార్."

ఆయన పెదవులు కదిలాయి. "ఒకటి తీసేస్తె ఇరవై రెండు తొమ్మిదివందల ఎనభై నాలుగుసార్లు. మనం చేసిన దాన్లనే ఉన్నది గదా అది."

"ఉంది సార్. శేషం మూడు వేల నాలుగువందల నాలుగు అని రాసుకున్నాం."

అరచేతి మీద వేలితో ఆయన భాగహారం మొదలుపెట్టారు. ఐదు. ఒకటి. మూడు. రెండు. మూడు. ప్రతి అంకె దగ్గర మిగిలినది పైకి అనుకుంటూ వెళ్లారు. చివర తొమ్మిది దగ్గర వేలు ఆగిపోయింది. అరచేతిని తుడిచినట్టుగా మోకాలికి రాసుకున్నారు.

7012 సంగతి నేను చెప్పబోతుంటే ఆయనే తడుముకున్నారు. "సరిచూస్తె రెండే వచ్చింది గద. అంటే తేడా తొమ్మిదితోని పోతది. అంకెలు తిరగవడ్డయి."

"మా ఆఫీసులో ముందు చూసేదే అది సార్. నాకు తోచలేదు."

"నాకు గూడ ఎరుకనే. బోర్డు మీద చెప్పిన పిల్లలకు. ఎరుకున్నది యాల్లకు యాదికి రాకపాయె." తర్వాత మెల్లగా అన్నారు. "దానిమీద చెయ్యి వెట్టి, తుడిచి పోయినం బేటీ."

21649ని దాటాక ఇంకో మూడేళ్ల పాటు పైహద్దు దాకా చేసిన భాగహారాల కంటే ఎక్కువగా ఆయనకు గుర్తొచ్చింది ఆ పదో తరగతి. బళ్లు ఇంకా మూయలేదు, ఇప్పుడున్న తరగతికి వెళ్లి సరిచెప్పి వద్దామని నేను అన్నాను. ఆయన వద్దన్నారు.

"వీళ్లకు నేను తప్పు చెప్పలేదు గద. తప్పు చెప్పింది వాళ్లకు. వాళ్లేడున్నరో ఏమో."

వాళ్లు బడి వదిలి మూడేళ్లయింది. కొందరు హైదరాబాద్‌లో, కొందరు పొలాల్లో, కొందరమ్మాయిలు అత్తవారిళ్లలో ఉంటారు. బోర్డు దగ్గర నిలబడి ఆ తరగతిని చూసింది నేను కాబట్టి, కనిపిస్తే గుర్తుపట్టాల్సింది నేనే. బజారులో, బస్టాండులో ఆ వయసు వాళ్లు కనిపిస్తే ముఖాలు చూడటం అలవాటు చేసుకున్నాను. కొందరు దొరికారు. కొండపాక సంతలో ఉల్లిగడ్డలు అమ్ముతున్న అబ్బాయికి సార్ గుర్తున్నారు, పిప్పరమెంట్లు కూడా గుర్తున్నాయి. సంఖ్య గుర్తులేదు. అయినా చెప్పాను. మర్యాదగా విని, ఒక గడ్డ ఎక్కువ వేశాడు. ఒక అమ్మాయి, ఆ రోజు తాను బడికి రాలేదంది.

సాయంత్రం నేను గేటు తీసిన చప్పుడుకు సార్ ముఖం ఇటు తిప్పేవారు. "ఎవరన్న కలిసిన్రా?" అని అడిగేవారు. చాలా రోజులు లేదనే చెప్పాల్సి వచ్చేది. ఉల్లిగడ్డల అబ్బాయి గురించి చెప్పిన రోజు, "యాదికి ఉన్నదా వానికి?" అని అడిగారు. సార్ గుర్తున్నారని చెప్పాను. అది ఆయన అడిగిన దానికి జవాబు కాదని ఆయనకూ తెలుసు.

1997 డిసెంబరులో సార్ పోయారు. చాచీ ఆ పలకలు రెండూ నన్నే తీసుకొమ్మంది. పని లేని పలకలు ఇంట్లో ఎందుకంది గాని, ఇచ్చే ముందు కొంగుతో ఒకసారి తుడిచింది.

1998 ఆగస్టులో ఆఫీసు పని మీద గజ్వేల్ వెళ్లాను. తిరుగు బస్సు ఆలస్యమైతే, చాచీకి కబురు చెప్పమని పక్కింటికి ఫోన్ చేయడానికి బస్టాండు ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌లోకి వెళ్లాను. కౌంటర్ దగ్గర ఉన్న అమ్మాయి బిల్లు చింపి ఇస్తూ నా వైపు రెండుసార్లు చూసింది.

"మీరు మా బడికి వచ్చిన్రు గదా మేడం? కండ్లు కనవడని సార్‌తోని. పదకొండు ఒకట్లు."

మూడేళ్లుగా నేను ఎదురుచూసిన మాట అది. ఆ సంఖ్యను ఏదీ భాగించదని సార్ చెప్పాక తనకు లెక్కలంటే భయం పోయిందనీ, అంత పెద్ద సంఖ్యను గురించి ఒక మనిషి అంత గట్టిగా చెప్పగలడా అనిపించిందనీ ఆ అమ్మాయి చెప్పుకుపోయింది. ఇంటర్‌లో లెక్కలు తీసుకుందట. ఇంటి దగ్గర పిల్లలకు ట్యూషన్ చెబుతోందట.

నేను 21649 అని చెప్పాను. తప్పెలా జరిగిందో కూడా క్లుప్తంగా చెప్పాను. ఆమె నవ్వు మెల్లగా తగ్గింది.

"అయ్యో మేడం. నేను ట్యూషన్ పిల్లలకు ఏటేటా అదే చెప్తున్న."

ఇంకొకరు ఫోన్ కోసం వచ్చి నిలబడ్డారు. ఆ అమ్మాయి వాళ్లను ఆగమని, నా చేతిలోంచి బిల్లు తీసుకుని దాని వెనుక భాగహారం మొదలుపెట్టింది. ఆమె చెయ్యి వేగంగా నడుస్తోంది. 7012 దగ్గరికి వచ్చినప్పుడు నేను కౌంటర్ మీదికి వంగి చూశాను. ఆమె ఆ అంకెలను ఉన్నట్టే రాసి ముందుకు వెళ్లింది. చివరి తొమ్మిది వేశాక కింద సున్నా పెట్టి, దాని చుట్టూ గుండ్రంగా గీత గీసింది.

"పిల్లలందరికి సరిచేసి చెప్త," అంది. బిల్లు తిరిగి నాకివ్వలేదు, తన దగ్గరే దాచుకుంది. "సార్‌కు చెప్పున్రి మేడం, నాకు యాదికి ఉన్నదని. సరిచేసుకున్న అని."

బస్సు వచ్చింది. కండక్టర్ సిద్దిపేట, సిద్దిపేట అని అరుస్తున్నాడు.

"చెప్తా," అన్నాను.